రెండు ప్రధానం, వంద కాదు

మా మేనకోడలు ఆరో తరగతి చదువుతోంది. దాని లెక్కల పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. మొన్న సెలవుల్లో ఆ పుస్తకం తెచ్చి నా ఒళ్లో పడేసి, "మావయ్యా, 2 ప్రధాన సంఖ్యట, 100 కాదట! నీ జేబులో రెండు రూపాయలు ప్రధానమా, వంద రూపాయలా?" అంది. లెక్కలంటే భయపడి తెలుగులో చేరినవాణ్ని నేను. భోజనానికి పిలుస్తున్నారని చెప్పి తప్పించుకున్నాను.

దాని తప్పేం లేదు. తెలుగులో ప్రధానం పదవి మాట. ప్రధానమంత్రి, ప్రధానోపాధ్యాయుడు, ప్రధాన కార్యదర్శి. ఊళ్లో ప్రధాన రహదారి, గుడికి ప్రధాన ద్వారం. ఒకరు ప్రధానం కావాలంటే వెనక అప్రధానులు కొందరుండాలి. ఉపాధ్యాయులు లేని బళ్లో ప్రధానోపాధ్యాయుడు ఎవరికి ప్రధానం? మరి 7 ఎవరి మీద పెత్తనం చేస్తోంది? పెళ్లివారింట్లో ఇంకో ప్రధానం ఉంది, ఉంగరం తొడిగేది. అది ప్రదానానికి ఒత్తు తగిలి వచ్చిందని నా నమ్మకం. దానికీ దీనికీ చుట్టరికం లేదు కాబట్టి దాన్ని పెళ్లిపందిట్లోనే ఉంచుదాం.

ఇంగ్లీషు ప్రైమ్ ఎదురుగా కూర్చున్నవారికి ప్రైమ్ మినిస్టర్ గుర్తొచ్చి ఈ మాట వేసేశారనీ, ఇది బద్ధకపు అనువాదమనీ నేనూ చాలా ఏళ్లు అనుకున్నాను. పక్క భాషల్లోకి తొంగి చూస్తే మరీ అసూయ కలిగేది. హిందీ వాళ్లూ మలయాళులూ అభాజ్య సంఖ్య అంటారు, కన్నడిగులు అవిభాజ్య సంఖ్య అంటారు. భాగింపబడనిది అని అర్థం పైకే కనిపిస్తుంది. తమిళులది ఇంకా అందం: పగా ఎణ్. 'పగు' అంటే విడిపోవు, భాగమగు. మన 'పగులు' దాని తోడబుట్టిందే. మనమూ 'పగలని సంఖ్య' అని ఉంటే ఆరో తరగతి పిల్లకు ఆ సందేహమే వచ్చేది కాదు. మరాఠీలో మూళ సంఖ్య, బెంగాలీలో మౌలిక సంఖ్య. ఇద్దరూ వేరు దగ్గరికి పోయారు. హైదరాబాదు ఉర్దూ మీడియం బడిలో ముఫ్రద్ అదద్ అంటారు. యునానీ వైద్యంలోనూ ఒంటి మందు ముఫ్రద్, కలిపి నూరింది మురక్కబ్. ఉర్దూ పిల్లవాడికి 7 ఒంటి మందు, 6 కలిపిన మందు. ఇంత చక్కని మాటల మధ్య మన ప్రధాన సంఖ్య దండ వేయించుకోవడానికి వచ్చిన నాయకుడిలా నిలబడి ఉంది.

పాతవాళ్లేమన్నారో చూశాను. కుట్టకమనే పాత లెక్క చేసేటప్పుడు భాజ్యాన్నీ హారాన్నీ ఉమ్మడి భాజకంతో అపవర్తనం చేయగా, ఇక తెగకుండా మిగిలినవాటిని దృఢాలన్నారు. ఈనాటి భాషలో అవి పరస్పర ప్రధానాలు. 1356లో నారాయణ పండితుడు గణితకౌముదిలో సంఖ్యలను విడగొట్టే పనికి భాగాదానం పేరుతో ఏకంగా ఒక ప్రకరణమే ఇచ్చాడు. దృఢం గట్టి మాట. కానీ బడికి రాలేదు.

అయితే అభాజ్య అన్న మాటలో ఒక లోటుంది. 7ని 1 భాగిస్తుంది, 7 కూడా భాగిస్తుంది. పూర్తిగా భాగింపబడని సంఖ్య లేదు. పైగా అభాజ్య, పగా రెండూ లేనిదాన్ని చెప్పే మాటలు. ఈ సంఖ్య ఫలానా పని చేయనివ్వదు అంటాయే గాని, ఇది ఏం చేస్తుందో చెప్పవు. ఆ సంగతి మా మేనకోడలికి ఎక్కాలతో చెప్పాల్సి వచ్చింది. రెండో ఎక్కంలో రెండు రెళ్లు నాలుగు, రెండు మూళ్లు ఆరు, అలా పోతూ ఉంటే దారిలో 4, 6, 8, 10 అన్నీ తగులుతాయి. మూడో ఎక్కంలో 9, 15 తగులుతాయి. 7 మాత్రం ఎక్కడా తగలదు, తన ఎక్కంలో మొదటి మెట్టు మీద తప్ప: ఏడొకట్ల ఏడు. పరాయి ఎక్కంలో కనిపించనిది ప్రధాన సంఖ్య. కాని దాని ఎక్కం మాత్రం ఎంత దూరమైనా పోతుంది. ఆ పిల్ల అప్పుడంది: "అయితే ఇవన్నీ ముందు, మిగతావి తర్వాత." నాకు కావలసిన వ్యుత్పత్తి నా ఒళ్లోనే దొరికింది.

ప్రధానం అంటే ధాతువు ప్రకారం అదే. ప్ర, ముందు. ధా, ఉంచడం. ముందు ఉంచినది. ఈ ధా మన ఇళ్లల్లో తిరిగేదే: నిధానం, విధానం, సన్నిధానం అందులోంచే వచ్చాయి, మన అవధానం కూడా. పదవి అర్థం తర్వాత ఎక్కింది. సభలో ముందు వరసలో కూర్చోబెట్టినవాణ్ని పెద్ద అనుకోవడం మనుషుల అలవాటు. యూక్లిడ్ కాలానికి గ్రీకులు వీటిని ప్రోతోస్ అన్నారు, మొదటివి అని. లాటిన్ వాళ్లు ప్రీముస్ అని దించుకున్నారు. అరబ్బులు అవ్వలీ అన్నారు. ప్రోతోస్‌లో ప్రో, ప్రీముస్‌లో ప్రీ, మన ప్రథమలోనూ ప్రధానంలోనూ ప్ర, అన్నీ ఒక్క తల్లి పిల్లలు. కాబట్టి ప్రైమ్‌కు ప్రధానం అనువాదం కూడా కాదు, దాయాదుల కలయిక. ప్రైమ్ మినిస్టర్ ఆ పెళ్లికి తర్వాత వచ్చిన చుట్టం.

ఇక్కడితో ఆగినా ఈ మాట నిర్దోషి అని తేలిపోయేది. కానీ సంస్కృతంలో ప్రధానానికి ఇంకో బతుకుంది. సాంఖ్య దర్శనం వారికి ప్రధానం అంటే మూలప్రకృతి. సాంఖ్యమన్న పేరే సంఖ్య లోంచి పుట్టింది. సంఖ్య, వ్యాఖ్య, ఆఖ్యానం, ఖ్యాతి నాలుగూ ఒకే ధాతువు. లెక్కపెట్టడమూ చెప్పడమూ తెలుసుకోవడమూ ఆ ధాతువులో విడిగా లేవు. ప్రధానమూ సంఖ్యా రెండూ ఒకే దర్శనంలోంచి నడిచొచ్చి మన ఆరో తరగతి పుస్తకంలో పక్కపక్కన కూర్చున్నాయి.

ఈశ్వరకృష్ణుడు తన సాంఖ్యకారికల్లో మొదట్లోనే ఒక పట్టిక వేస్తాడు. మూలప్రకృతి దేన్నుంచీ పుట్టింది కాదు. మహత్తు మొదలైన ఏడూ పుట్టినవి, మళ్లీ పుట్టించేవి. పదహారు పుట్టినవి మాత్రమే. పురుషుడు పుట్టినవాడూ కాదు, పుట్టించేవాడూ కాదు. ఇప్పుడు లెక్కల పుస్తకం తీయండి. 5 దేని లబ్ధమూ కాదు. 6 పుట్టింది, 2కీ 3కీ. మళ్లీ 12ను పుట్టిస్తుంది. ఇక ప్రతి పిల్లవాడూ పరీక్షకు ముందు బట్టీపట్టే వాక్యం: 1 ప్రధాన సంఖ్యా కాదు, సంయుక్త సంఖ్యా కాదు. దేన్ని 1తో హెచ్చవేసినా అది చెక్కుచెదరదు. పురుషుణ్ని సాంఖ్యులు అకర్త అన్నది సరిగ్గా ఈ గుణానికే. ఇంకా ఉంది. ఇంగ్లీషు ఫ్యాక్టర్‌ను మన పుస్తకం ఏమంటుంది? కారణాంకం. హిందీలో అది గుణనఖండం, ముక్క. మనకు ముక్క కాదు, కారణం. 2, 3 కారణాలు, 6 కార్యం. కార్యం కారణంలో ముందే ఉందనే సత్కార్యవాదాన్ని తెలుగు పిల్లలు తెలియకుండానే ప్రతి ఏడాదీ ఒప్పజెబుతున్నారు. పదో తరగతిలో అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం వస్తుంది: ఏ సంయుక్త సంఖ్యనైనా ప్రధాన కారణాంకాల లబ్ధంగా ఒకే ఒక్క విధంగా రాయవచ్చు, వరస మారితే మారుగాక. ప్రధాన కారణం అన్న మాట దర్శన గ్రంథంలోదో లెక్కల గైడులోదో చెప్పకుండా ఒక శాస్త్రిగారి ముందు పెడితే ఆయన ఏం చెబుతారో ఊహించుకోండి.

పోలిక తియ్యగా ఉంది కదా అని మొత్తం మింగకూడదు. సాంఖ్యంలో ప్రధానం ఒక్కటే, పురుషులు అనేకులు. లెక్కల్లో ఒకటి ఒక్కటే, ప్రధానాలు అనంతం. వాటికి అంతు లేదని యూక్లిడ్ తన గ్రంథం తొమ్మిదో భాగంలోనే రుజువు చేశాడు. అంటే సాంఖ్యాన్ని బోర్లిస్తే గణితం. పుట్టి అక్కడితో ఆగిపోయే పదహారు వికారాల్లాంటి సంఖ్య కూడా లెక్కల్లో లేదు. ఇక సాంఖ్యుల తత్త్వాలు 25, వంద లోపు ప్రధాన సంఖ్యలూ 25 అని ఎవరైనా మురిసిపోతే, మనవాళ్ల వేదాల్లో అన్నీ ఉన్నాయనేవారి పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టండి. 25 ప్రధాన సంఖ్య కాదు.

తెలుగులో ఈ మాటకు ఇంతకంటే దగ్గరి చుట్టం ఇంకొకటుంది. చదరంగం బల్ల. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా రెట్టింపు చేసుకుంటూ పోతే 64 గళ్లకు ఎన్ని? దీని జవాబును ఒకే ఒక్క చంపకమాలలో పొదిగిన పద్యం పావులూరి మల్లన పేరు మీద ప్రసిద్ధం. మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసిన మల్లనే. పద్యంలో అంకెలుండవు, భూతసంఖ్యలుంటాయి: శరమంటే మన్మథుడి బాణాలు, అయిదు, శశి ఒకటి, వేదాలు నాలుగు, గగనం సున్నా. చివరి అంకె నుంచి మొదలుపెట్టి ఎడమకు నడుస్తారు. విప్పుకుంటే వచ్చేది 1,84,46,74,40,73,70,95,51,615.

ఈ పెద్ద సంఖ్య ప్రధానమా? తెలుసుకోవడానికి పద్యం మొత్తం చదవక్కర్లేదు. మొదటి మాట శరం. అంటే చివరి అంకె 5. అయిదో ఎక్కంలో దొరికిపోయింది. మల్లన మొదటి అడుగులోనే చెప్పేశాడు, మనం వినలేదు.

ఆ బల్ల మీదే ఇంకో ఆట ఆడవచ్చు. చివరిదాకా పోకుండా ప్రతి గడి దగ్గరా ఆగి అప్పటిదాకా పోగైన గింజలు లెక్కపెట్టండి. రెండు గళ్లకు 3, మూడు గళ్లకు 7, అయిదు గళ్లకు 31, ఏడు గళ్లకు 127. అన్నీ ప్రధానాలే. గడి సంఖ్య సంయుక్తమైతే మొత్తమూ సంయుక్తమే. 64కు గతి లేనిది అందుకే. గడి సంఖ్య ప్రధానమైతే చాలు కదా అనుకుంటే పదకొండో గడి కాలు పట్టి లాగుతుంది: 2047 అంటే 23 రెట్లు 89. మొత్తం బల్ల మీద 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61 తొమ్మిది గళ్లే నిలుస్తాయి. పదమూడో గడికి 8,191. పదిహేడుకు 1,31,071. ముప్పై ఒకటో గడికి 2,14,74,83,647. దాన్ని ప్రధానమని 1772లో చూపించినవాడు ఆయిలర్, చూపు దాదాపు పూర్తిగా పోయిన రోజుల్లో. ఆ సంఖ్య మన చేతుల్లో రోజూ తిరుగుతోంది. 32 బిట్ల కంప్యూటర్లు గుర్తుతో కలిపి పట్టుకోగల అతి పెద్ద పూర్ణ సంఖ్య అదే. పాత పద్ధతిలో సెకన్లు లెక్కపెట్టే యంత్రాలకు 2038 జనవరి 19 ఉదయం మన గడియారంలో 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు లెక్క అయిపోతుంది. అరవై ఒకటో గడి ప్రధానమని 1883లో తేల్చింది రష్యాలో ఒక పల్లెటూరి పూజారి, ఇవాన్ పెర్వూషిన్. రష్యన్‌లో పెర్వీ అంటే మొదటి. మన పూర్వానికి రక్తబంధువు. ఆ ఇంటిపేరులోనే ప్రధానం ఉంది.

ఈ గళ్ల మొత్తాలకు మెర్సెన్ పేరు. ఫ్రెంచి సన్యాసి మారిన్ మెర్సెన్ 1644లో, బల్ల 64 దగ్గర ఆగకుండా సాగుతుందనుకుంటే, 257 దాకా ఏయే గళ్లు నిలుస్తాయో జాబితా ఇచ్చాడు. అందులో అయిదు తప్పులున్నాయి. 61, 89, 107 వదిలేశాడు, 67నూ 257నూ చేర్చేశాడు. అయినా పేరు ఆయనకే దక్కింది. పేరు సంగతులు ఎప్పుడూ ఇంతే.

67 కథ మాత్రం ఈ పదచర్చకు బాగా అక్కరకొస్తుంది. 1876లో ఎదువార్ ల్యూకా అనే ఫ్రెంచివాడు 67వ గడి మొత్తం సంయుక్తమని తేల్చాడు. దాని కారణాంకం ఒక్కటీ చూపించకుండానే తేల్చాడు! అదెలా? ఈనాటికీ వాడే అతని పద్ధతి, తర్వాత లెహ్మర్ సానబట్టిన రూపంలో, ఒక పిల్లల లెక్క. 4తో మొదలుపెట్టు. వర్గం చేసి రెండు తీసెయ్. వచ్చినదాన్ని నీ సంఖ్యతో భాగించి శేషం ఉంచుకో. మళ్లీ అదే చెయ్. అయిదో గడి 31కి చూడండి: 4 వర్గం 16, రెండు తీస్తే 14. దాని వర్గం 196, రెండు తీస్తే 194, 31తో భాగిస్తే శేషం 8. ఎనిమిదెనిమిదులు అరవై నాలుగు, రెండు తీస్తే 62, శేషం సున్నా. గడి సంఖ్యకు రెండు తక్కువ సార్లు చేశాక సున్నా వస్తే ప్రధానం, రాకపోతే కాదు. 67కు సున్నా రాదు. కారణాలున్నాయని ఖాయమైంది, అవేమిటో తెలియదు. పొగను బట్టి నిప్పుందని చెప్పినట్టు, అనుమాన ప్రమాణం. సాంఖ్యులు ప్రధానాన్ని తెలుసుకున్నదీ ఇలాగే. అది లేక కాదు, సూక్ష్మం కనుక కనిపించదు, కార్యాన్ని బట్టి ఊహించాలి అన్నారు.

ప్రత్యక్షం 27 ఏళ్ల తర్వాత వచ్చింది. 1903 అక్టోబరులో న్యూయార్కులో అమెరికా గణిత సంఘం సభలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ లేచి బోర్డు దగ్గరికి వెళ్లాడు. ఒకవైపు 2ను 67 సార్లు హెచ్చవేసి ఒకటి తీశాడు: 14,75,73,95,25,89,67,64,12,927. రెండోవైపు 19,37,07,721ని 7,61,83,82,57,287తో హెచ్చవేశాడు. రెండూ ఒకటే. ఒక్క మాట మాట్లాడకుండా వచ్చి కూర్చున్నాడనీ, సభ చప్పట్లు కొట్టిందనీ చెబుతారు. ఎంతకాలం పట్టిందని అడిగితే మూడేళ్ల ఆదివారాలు అన్నాడట. వ్యాఖ్య లేని సంఖ్య. ఇన్ని మాటలు రాస్తున్న నాకు ఆ మనిషిని తలుచుకుంటే కొంచెం సిగ్గేస్తుంది.

ల్యూకా అదే 1876లో 127వ గడి ప్రధానమని చూపించాడు. 39 అంకెల సంఖ్య. 75 ఏళ్లపాటు దాన్ని మించిన ప్రధానం లోకానికి తెలియలేదు. మన ఏకం, దశం, శతం వరస పరార్ధం దాకా పోయి పద్దెనిమిదో స్థానంలో ఆగుతుంది కాబట్టి ఆ సంఖ్యను పిలవడానికే మనకు గొంతు చాలదు. 1951 తర్వాత కంప్యూటర్లు చేతికొచ్చాయి. 1996లో జార్జ్ వోల్ట్‌మన్ మొదలుపెట్టిన గింప్స్ అనే ఉమ్మడి వేటలో వేలమంది తమ కంప్యూటర్లు ఖాళీగా ఉన్నప్పుడు ఈ పనికి అప్పగిస్తున్నారు. 2024 అక్టోబరులో ల్యూక్ డురాంట్ అనే అమెరికన్ ఆ వేటలో ఇంకో గడి నిలుస్తుందని కనుక్కున్నాడు: 13,62,79,841వ గడి. అప్పటికి తెలిసిన ప్రధాన సంఖ్యలన్నిటిలో అదే పెద్దది. దాని నిడివి 4,10,24,320 అంకెలు. సెకనుకో అంకె చొప్పున, తిండీ నిద్రా మానేసి చదివినా 475 రోజులు పడుతుంది.

దేనికి పనికొస్తుంది? దేనికీ రాదు, ఇప్పటికైతే. బ్యాంకు లావాదేవీలకు తాళం వేసే ఆర్‌ఎస్‌ఏ పద్ధతికి ఒక్కొక్కటి మూడు వందల పై అంకెలున్న ప్రధానాలు రెండు చాలు. వాటి లబ్ధాన్ని నడివీధిలో పెట్టి, కారణాంకాలను దాచుకుంటారు. కార్యం అందరికీ కనిపిస్తుంది, కారణం దాచినవాడికే తెలుస్తుంది. నాలుగు కోట్ల అంకెలున్న సంఖ్యను, పైగా దాని పేరూ ఊరూ లోకమంతా ప్రకటించాక, తాళంగా ఎవరూ వాడరు. అది ఊరికే ఉంది. దేన్నుంచీ పుట్టకుండా.

అందుకని నా తీర్పు: పుస్తకాలు దిద్దేవారు ప్రధానాన్ని తీసి అభాజ్యను పెట్టవద్దు. కారణాంకాన్ని అసలే ముట్టుకోవద్దు. కావాలంటే పక్కన ఒక్క వాక్యం కలపండి, ప్రధానం అంటే గొప్పది కాదు, ముందుది అని. వంద రూపాయల నోటు ముందు రెండు రూపాయల బిళ్ల ఎందుకు ప్రధానమో అప్పుడు ఏ పిల్లయినా చెబుతుంది: వంద అంటే రెండు రెళ్లు, అయిదైదులు కలిసి హెచ్చవేసుకున్న సంగతే కదా.

పద్యం రాయగలవారెవరైనా ఉంటే ఒక పని మిగిలి ఉంది. మల్లన పద్యంలో 20 అంకెలున్నాయి. ఆ కొలతన డురాంట్ కనుక్కున్న కొత్త సంఖ్యకు పద్యాలు కడితే సరిగ్గా 20,51,216 అవుతాయి, ఒక్క అంకె మిగలదు, తగ్గదు. ఆ కొత్త సంఖ్య చివర 51, మొదట 8. పాత పద్యం శరమని ఎత్తుకుని శశి అంటుంది. కొత్తదాన్ని శశి అని ఎత్తుకుని శరం అనాలి. ఇరవై లక్షల పై చిలుకు పద్యాల తర్వాత చివరి మాట కుంజరం.